ఎర్రమల సున్నపురాతి కొండలనూ వాటి పల్లెలనూ మూడు రోజుల్లో చూడటం ఎలా?

నంద్యాల జిల్లాలో కుందూ నది లోయ మధ్యన నిలబడి చూస్తే తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కనిపిస్తాయి. నల్లమలకు అడవి ఉంది, అహోబిలం, మహానంది ఉన్నాయి, కాబట్టి దాని పేరు తెలుగువారందరికీ తెలుసు. ఎర్రమల పేరు విన్నవారు తక్కువ. బేలం గుహలనూ యాగంటి బసవన్ననూ చూసినవారిలో కూడా ఆ రెండూ ఒకే కొండల వరుసలో ఉన్నాయని గమనించినవారు కొద్దిమందే. ఆ కొండలను తీరిగ్గా, కాస్త తెలుసుకుంటూ చూడాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఈ ప్రాంతంలో మీరు చూసే గుహ, కొండ కింద ఊరే నీటి బుగ్గ, పల్లెలో నాపరాళ్లతో కట్టిన మిద్దె అన్నీ ఒకే సున్నపురాయి చలవ. అందువల్ల నేరుగా గుహకు వెళ్లకండి. ముందు పల్లె గోడను, ఆ తర్వాత కొండ అంచును, చివరన గుహను చూడండి. ఈ వరుసలో వెళ్తే గుహలోకి దిగేసరికి చుట్టూ ఉన్న గోడ ఏమిటో మీకు తెలిసే ఉంటుంది.

మొదటి పని: కాలమూ దారీ నిర్ణయించుకోవడం

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం మంచిది. అప్పటికి వానలు తగ్గి వంకలు దాటడానికి వీలవుతుంది, నల్లరేగడి చేలల్లో శనగ పైరు పచ్చగా ఉంటుంది, మధ్యాహ్నం కూడా కొండ ఎక్కవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. బండలు కాలి సాయంత్రం వరకు సెగలు కక్కుతాయి కాబట్టి ఆ రెండు నెలలూ వద్దు. పెద్ద వాన కురిసిన రోజునా, ఆ మరునాడూ వెలుతురు ఏర్పాటు లేని ఏ గుహలోకీ వెళ్లకూడదు. సున్నపురాతి నేలలో వాన నీరు పైన పారకుండా బీటల గుండా లోపలికి దిగిపోతుంది, పైన ఎండగా ఉన్నప్పుడే లోపల నీరు పెరగవచ్చు.

దారి విషయంలో నా సలహా ఉత్తరం నుంచి దక్షిణానికి రమ్మని. డోన్–నంద్యాల రైలు మార్గంలో ఉన్న బేతంచెర్లలో దిగి, బనగానపల్లె, యాగంటి, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బేలం చేరి, తాడిపత్రిలో మళ్లీ రైలెక్కితే వచ్చిన దారినే తిరిగి వెళ్లే పని ఉండదు. తాడిపత్రి గుంతకల్లు–ఎర్రగుంట్ల మార్గంలో ఉంది కాబట్టి అటు కడపకైనా ఇటు గుంతకల్లుకైనా బండ్లు దొరుకుతాయి. పెద్ద ఊళ్ల మధ్య బస్సులు తిరుగుతాయి గాని, పల్లెల్లో ఆగి చూడాలంటే బనగానపల్లెలో ఒక ఆటో గాని కారు గాని రోజుకు మాట్లాడుకోవడం నయం. మొదటి రెండు రాత్రులూ బనగానపల్లెలో, అవసరమైతే మూడవ రాత్రి తాడిపత్రిలో ఉండవచ్చు.

తీసుకువెళ్లవలసినవి ఎక్కువ లేవు. జారని అడుగున్న బూట్లు, మనిషికి రెండు టార్చిలైట్లు, వాటికి తోడు ఫోను, తలకు గుడ్డ, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు ఉండాలి. ఇవి కాక ఒక చిన్న చాకు, ఒక నిమ్మకాయ పెట్టుకోండి. వాటి పని కింద చెబుతాను.

రెండవ పని: రాయిని గుర్తుపట్టడం

ఎర్రమల కొండలకు శిఖరాలుండవు. బల్ల పరిచినట్లు చదునుగా, ఒకదాని పక్కన ఒకటి తెగిన గోడల్లా కనిపిస్తాయి. ఆ ఆకారానికి కారణం పొరలు. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో ఈ ప్రాంతం గురించి ప్రచురించిన గ్రంథం తర్వాత కర్నూలు శిలల పేరు శాస్త్రంలో స్థిరపడింది. అందులోని పొరలకు మన ఊళ్ల పేర్లే ఉన్నాయి. అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్, దాని మీద నార్జి సున్నపురాయి, ఆపైన అవుకు షేల్, దానిపైన పాణ్యం క్వార్ట్‌జైట్, ఇంకా పైన కోయిలకుంట్ల సున్నపురాయి, చివరికి నంద్యాల షేల్. ఈ ఆరు పేర్లనూ వరుసగా చదివితే జిల్లా పటం చదివినట్లే ఉంటుంది. నాకు ఈ కొండల మీద మమకారం కలగడానికి ఈ పేర్లే మొదటి కారణం.

దూరం నుంచి చూసి పోల్చుకోవడం కష్టం కాదు. కొండ నెత్తిన ఎర్రగా, నిటారుగా, పగుళ్లతో ఉన్న గట్టు క్వార్ట్‌జైట్. ఇసుక గట్టిపడి అయిన ఈ రాయి వానకు లొంగదు. దాని కింద చెట్లతో వాలుగా దిగే భాగం షేల్, అంటే పెళుసుగా రాలిపోయే పలకరాయి. దానికీ దిగువన, తరచుగా పొలాల మట్టానికి దగ్గరలో, నీలం కలిసిన బూడిద రంగులో మెట్లుమెట్లుగా కనిపించేది సున్నపురాయి. నెత్తి మీది గట్టిరాయి గొడుగులా కాపాడుతుంది కాబట్టే ఈ కొండలు చదునుగా మిగిలాయి.

దగ్గరికి వెళ్లాక చాకు తీయండి. రోడ్డు పక్కన పడి ఉన్న ఒక రాతి ముక్క మీద గీయండి. గీత పడి తెల్లటి పొడి రాలితే అది సున్నపురాయి కావచ్చు, చాకే అరిగితే క్వార్ట్‌జైట్. రాలిన పొడి మీద రెండు చుక్కల నిమ్మరసం పిండి చెవి దగ్గర పెట్టుకుంటే సున్నపురాయి సన్నగా చిటపటలాడుతుంది, బుడగలు కూడా కనిపిస్తాయి. పులుపు తగిలి రాయి కరుగుతూ వాయువును వదులుతున్నదన్న మాట. గుహలన్నీ పుట్టింది ఇదే పద్ధతిలో. వానచినుకు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) కలుపుకొని కొద్దిగా పులిసిన నీరవుతుంది. ఆ నీరు బీటల్లోకి దిగి లక్షల ఏళ్లపాటు రాతిని కరిగిస్తూ పోతే బీట సందవుతుంది, సందు గుహవుతుంది. ఈ పరీక్షను దారిన పడి ఉన్న ముక్కల మీద మాత్రమే చేయండి. గుహ గోడ మీద గాని, గుడి రాతి మీద గాని చాకు పెట్టకూడదు.

రాతిలో శంఖాల కోసం, గవ్వల కోసం వెతకనవసరం లేదు. గవ్వలున్న జీవులు సముద్రాల నిండా పెరగక మునుపే ఇక్కడి సముద్రపు అడుగున ఈ సున్నం పేరుకొని రాయి అయింది.

మూడవ పని: బేతంచెర్ల చుట్టుపక్కల పల్లెలు

బేతంచెర్లలో దిగగానే రైలు కట్ట పక్కన నాపరాళ్ల దొంతులు కనిపిస్తాయి. ఊరి చుట్టూ గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. తెలుగు ఇళ్లలో మొజాయిక్, టైల్సు రాక ముందు, వచ్చిన తర్వాత కూడా, నేల మీద పరుచుకున్న బండల్లో ఎన్నో ఇక్కడివే. తెలంగాణ పాఠకులకు తాండూరు బండలు గుర్తుకు రావచ్చు. అదీ సున్నపురాయే గాని, భీమా నది వైపు వేరే శిలల వరుసకు చెందినది.

గనిలోకి వెళ్లాలంటే ముందు మేస్త్రీని గాని, అక్కడ ఉన్న పెద్దవారిని గాని అడగాలి. "అన్నా, రాయి తీసేది చూస్తాం, దూరంగానే ఉంటాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. అక్కడ గమనించవలసింది రాయి విడిపోయే తీరు. పొర మధ్యన ఉలి పెట్టి సమ్మెటతో కొట్టుకుంటూ పోయి, గడ్డపార దూర్చి లేపితే రెండంగుళాల మందాన బండ చాప లేచినట్లు లేస్తుంది. సముద్రం అడుగున ఒక కాలంలో పేరుకున్న సున్నం ఒక పొర, ఆ తర్వాతి కాలానిది దానిపై పొర. ఆ రెంటి మధ్య సందునే పనివారి ఉలి వెతుక్కుంటుంది. పాలిష్ యంత్రాల దగ్గర ఎక్కువసేపు నిలబడకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు, అందులోనే రోజంతా పనిచేసే వారి సంగతి తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. వదిలేసిన గనుల్లో నీలంగా నిలిచిన నీరు ఎంత అందంగా కనిపించినా దిగకూడదు. అంచులు నిలువునా తెగి ఉంటాయి, లోతు పైకి తెలియదు, ఎక్కి రావడానికి పట్టు దొరకదు.

తర్వాత ఒక పల్లెలో నడవండి. ఇంటి గోడలు నాపరాళ్లు, ముందు అరుగు నాపరాయి, మెట్లు నాపరాయి, పశువుల కొట్టం పైకప్పు నాపరాయి, చేను గట్టున కంచె కూడా నిలువుగా పాతిన నాపరాళ్లే. పాత ఇళ్లకు మాత్రం పైన మట్టి మిద్దె ఉంటుంది. దూలాల మీద కట్టెలు, వాటిపై చవుడు మట్టి మందంగా పరిచి వాన నీరు జారేట్లు వాలు తీస్తారు. అరుగు మీద కూర్చున్న అవ్వనో, పెద్దాయననో పలకరించి, మిద్దె ఎన్నేళ్లకొకసారి చవుడు వేస్తారని, పూర్వం సున్నం ఎక్కడ కాల్చేవారని అడగండి. సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీళ్లు చల్లి, గానుగ ఆడించి సున్నం తీసిన సంగతులు ముసలివారి నోట వినడానికి ఎంతో బాగుంటాయి. ఇంటి లోపలి ఫొటోలు, ఆడవారి ఫొటోలు అడగకుండా తీయవద్దు. పొద్దున పూట ఉగ్గాని, బజ్జి దొరుకుతాయి. మధ్యాహ్నానికి జొన్నరొట్టె, ఊరుబిండి దొరికితే వదలకండి.

గుహను ఇక్కడ చాలామంది గవి అంటారు. "గుహ ఎక్కడ?" అని అడగడం కన్నా "ఈ పక్క గవులేమైనా ఉన్నాయా?" అని అడిగితే దారి త్వరగా తెలుస్తుంది.

బేతంచెర్లకు దగ్గరలోని బిల్లసర్గం గవులకు ఈ ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకొని మాత్రమే వెళ్లండి. ఇక్కడ టిక్కెట్టు, దీపాలు, మెట్లు ఏవీ ఉండవు. ఒకప్పటి గుహల పైకప్పులు కూలి ఏర్పడిన లోతైన రాతి సందులు, వాటిని కలుపుతూ మిగిలిన రాతి తోరణాలు, వాటి గోడల్లోకి తెరుచుకున్న చీకటి నోళ్లు ఉంటాయి. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహల్లో పూర్వజంతువుల ఎముకలున్నాయని లోకానికి తెలియజేశాడు. నలభై ఏళ్ల తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు కలిసి తవ్వి ఖడ్గమృగం వంటి జంతువుల అవశేషాలను వెలికి తీశారు. ఈ మెట్టపొలాల మధ్య ఖడ్గమృగం తిరిగిందంటే ఒకప్పుడు ఇక్కడి నేల ఎంత తడిగా, పచ్చగా ఉండేదో ఊహించండి. కాబట్టి గుహ నేల మీది మట్టిని కాలితో గాని, కర్రతో గాని కెలకవద్దు. ఆ మట్టే ఇక్కడి గ్రంథం, ఒకసారి చెదిరితే మళ్లీ చదవలేరు. సహజ వెలుతురు ఉన్నంత దూరమే వెళ్లండి. గబ్బిలాల రెట్ట పేరుకున్న చోట ఊపిరితిత్తుల జబ్బులు అంటుకునే ప్రమాదం ఉంది, గాలి ఆడని మూలల్లో ఊపిరి సలపదు, ఫోను పనిచేయదు. రాతి గట్లకు తేనెపట్టులుంటే పొగ, సెంటు వాసన, కేకలు పనికిరావు.

నాలుగవ పని: బనగానపల్లె, జ్వాలాపురం, యాగంటి

రెండవ రోజు పొద్దున బనగానపల్లె నుంచి బయలుదేరండి. ఈ పేరు వినగానే మామిడిపండు గుర్తుకొస్తుంది. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండల అడుగున ఉన్న బనగానపల్లె క్వార్ట్‌జైట్‌లోని గులకరాతి పొరలో పూర్వం వజ్రాలు తవ్వేవారు. ఊరికి దగ్గరలోని కొండకు రవ్వలకొండ అని పేరు. అక్కడి గుహలో కూర్చుని పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని జనం నమ్మకం.

ఈ మండలంలోనే జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. చూడటానికి అన్ని పల్లెల్లాంటిదే. అయితే ఈ ఊరి పొలాల కింద తెల్లటి బూడిద పొర ఉంది. అది దాదాపు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రం దాటి గాలిలో కొట్టుకొచ్చి ఇక్కడ పడిన బూడిద. పురావస్తు శాస్త్రజ్ఞులు రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియాల బృందం ఇక్కడ తవ్వి, బూడిద పొరకు పైనా కిందా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లను కనుగొని 2007లో ప్రకటించింది. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా మనుషులు ఇక్కడ మిగిలారా అన్న చర్చకు ప్రపంచమంతటా ఈ పల్లె పేరు ఎక్కింది. బూడిదను పాత్రలు తోమే పొడికి, అలాంటి ఇతర పనులకు తవ్వుకుపోవడం వల్ల ఆ పొర చాలా చోట్ల తరిగిపోయింది. పొలం యజమానిని అడిగి, తెగిన గట్టున తెల్లటి చారను కళ్లతో చూసి రండి. చిటికెడైనా జేబులో వేసుకోవద్దని మనవి.

అక్కడి నుంచి యాగంటికి వెళ్లండి. బనగానపల్లె నుంచి యాగంటికి పదిహేను కిలోమీటర్లకు మించదు. విజయనగర రాజుల కాలపు ఉమామహేశ్వరాలయం మూడు వైపులా కొండ గట్ల మధ్య ఉంది. శివపార్వతులు ఒకే రాతిలో వెలసిన రూపం ఇక్కడి ప్రత్యేకత. బసవన్న పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని, అగస్త్యుడి శాపం వల్ల ఇక్కడ కాకి వాలదని భక్తులు చెబుతారు. మీరు చూడవలసిన మరో సంగతి కోనేరు. కొండ లోపలి నుంచి వచ్చే నీరు నంది నోటి గుండా అందులో పడుతుంది. పైన చెప్పిన పొరలను గుర్తు చేసుకోండి. నెత్తి మీది పగుళ్ల గుండా దిగిన వాన నీరు, కింద దారి దొరకని పొర తగిలినప్పుడు పక్కకు తిరిగి ఇలా గట్టు అడుగున బయటపడుతుంది. ఇలాంటి ఊటలను తెలుగులో బుగ్గ అంటాము. ఓర్వకల్లు మండలంలోని కాల్వబుగ్గ, తాడిపత్రిలోని బుగ్గ రామలింగేశ్వరాలయం ఆ పేరుతోనే ప్రసిద్ధి పొందాయి. నీరు దొరికిన చోటనే గుడి వెలసింది, గుడి వెలసినందువల్ల నీరు శుభ్రంగా మిగిలింది. కోనేటిలో స్నానం చేసేవారు సబ్బు, షాంపూ వాడకూడదు.

అగస్త్య గుహకు, వేంకటేశ్వర గుహకు, వీరబ్రహ్మం గుహకు మెట్లున్నాయి. అగస్త్య గుహ మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు కింది నుంచే దండం పెట్టుకోవచ్చు. కోతుల వల్ల చేతిలో సంచులు ఉంచుకోవద్దు. సాయంత్రం తిరిగి వస్తూ కొండ గట్టు మీద ఎండ పడే వేళకు కాసేపు రోడ్డు పక్కన ఆగితే, ఎర్రమల అన్న పేరు ఎలా వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఐదవ పని: బేలం

మూడవ రోజు ఉదయం అవుకు మీదుగా కొలిమిగుండ్ల వైపు బయలుదేరండి. అవుకు జలాశయం దగ్గర పావుగంట ఆగితే చాలు. బేలానికి గుహ తెరిచే వేళకే చేరడం ముఖ్యం. మొదటిసారి నేను వేసవిలో మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద గుంపుతో లోపలికి దిగి, చెమటలో తడిసి, తోపులాటలో ఏమీ చూడకుండా బయటపడ్డాను. పొద్దున్నే వెళ్లినప్పుడు అదే గుహ వేరేగా ఉంది.

ఇక్కడ కొండ ఎక్కడం ఉండదు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి గోతులున్నాయి. వాటిలో ఒకటే గుహ ద్వారం. బిలం అన్న మాటే బేలమైందని చెబుతారు. ఫుట్ 1884లో ఈ గుహను గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, 1982–83లో డేనియల్ గెబౌర్ నాయకత్వాన జర్మన్ బృందం పొడవునా కొలిచింది. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. 1985లో ప్రభుత్వం దీన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. పర్యాటక సంస్థ మట్టి తీయించి, బాటలు, దీపాలు, గాలి గొట్టాలు ఏర్పాటు చేశాక 2002లో జనానికి తెరిచారు. సందర్శకులు నడవగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. బౌద్ధ, జైన సన్యాసులు ఇక్కడ నివసించిన ఆనవాళ్లు దొరికాయి.

లోపలికి దిగాక చల్లగా ఉంటుందని అనుకోవద్దు. లోతైన గుహలో ఉష్ణోగ్రత, బయట ఏడాది పొడవునా ఉండే ఎండ, చలి సగటుకు దగ్గరగా నిలిచిపోతుంది. మన ప్రాంతంలో ఆ సగటే ఎక్కువ, పైగా గాలిలో తేమ నిండుగా ఉంటుంది. చెమట ఆరదు. అందుకని పలుచటి నూలు బట్టలు వేసుకొని, నీళ్లు తాగి దిగండి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు మొదటి పెద్ద గది వరకు చూసి తిరిగి రావడం మేలు.

నడుస్తున్నప్పుడు ముందు గోడ వైపు చూడండి. పుస్తకాల దొంతిలా అడ్డంగా పేర్చిన సన్నటి పొరలు కనిపిస్తాయి. నిన్న మొన్న గనిలో ఉలి విడదీసినది ఇలాంటి పొరలనే. తర్వాత పైకప్పు చూడండి. చాలా చోట్ల మధ్యన ఒక బీట తిన్నగా పోతుంటుంది. నీరు మొదట దూరిన సందు అదే, దారి దాన్నే అనుసరించి మలుపు తిరుగుతుంది. సింహద్వారం, కోటిలింగాలు, ఊడలమర్రి, వేయి పడగలు, ధ్యాన మందిరం అంటూ గదులకు పెట్టిన పేర్లు బాగున్నాయి గాని, గైడు చూపిన ఆకారం వెతుక్కుంటూ ఆ రాయి ఎలా పుట్టిందో మరిచిపోవద్దు. పైనుంచి కారే చుక్క సున్నాన్ని కరిగించుకొని వస్తుంది. గుహ గాలి తగిలి ఆ చుక్కలోని వాయువు ఎగిరిపోగానే, మోయలేని సున్నాన్ని అక్కడే వదిలి కింద పడుతుంది. అలా చుక్క చుక్కకూ పేరుకున్నదే ఆ లింగం, ఆ ఊడ. చేతి జిడ్డు అంటితే కొత్త సున్నం సరిగా పట్టదు, రాయి నల్లబడుతుంది. సప్తస్వరాల గుహలో రాతి ఊడలను కొడితే లోహం మోగినట్లు మోగుతాయి. మీరు కొట్టవద్దు, మీ పిల్లలను కొట్టనివ్వవద్దు. రోజూ వందల చేతుల దెబ్బలకు ఆ స్వరాలు ఎన్నాళ్లు నిలుస్తాయి?

చివరికి పాతాళగంగ దగ్గరికి దిగండి. ద్వారం నుంచి 46 మీటర్ల లోతున ఉన్న ఈ చోటే గుహలో అన్నిటికన్నా దిగువ. అక్కడ ఒక సన్నటి నీటి పాయ వచ్చి రాతిలోకి మాయమవుతుంది. పక్కన నిలబడి, గుంపు వెళ్లిపోయే వరకు ఆగి, నీటి చప్పుడు వినండి. గుహను తొలిచిన పని ఇంకా ఆగలేదని ఆ చప్పుడు చెబుతుంది. తిరిగి ఎక్కేటప్పుడు తొందరపడకుండా, రెండు చోట్ల కూర్చుని రండి. మెట్లు తడిగా ఉంటాయి.

తాడిపత్రి దారి

బేలం నుంచి తాడిపత్రికి ముప్పై కిలోమీటర్లు. ఇంకొక రోజు చేతిలో ఉన్నవారు జమ్మలమడుగు వైపు తిరిగి గండికోటకు వెళ్లవచ్చు. అదీ ఎర్రమలలోనిదే గాని, పెన్నా నది కోసిన ఆ లోయ గోడలు సున్నపురాయి కావు, ఎర్రటి క్వార్ట్‌జైట్. చాకు, నిమ్మకాయ మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి రాలి పడిన ముక్క మీద మీరే చూసుకోవచ్చు.

రోజు లేనివారు తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయానికి సాయంత్రం వెలుతురు ఉండగానే చేరండి. గోపురాల మీది శిల్పాలు చూడటానికి గంటైనా కావాలి. గర్భగుడిలో లింగం దగ్గర ఎప్పుడూ ఊరుతూ ఉండే నీటిని అర్చకులను అడిగితే దీపం వెలుగులో చూపిస్తారు. రైలుకు సమయం మిగిలితే అదే ఊళ్లోని చింతల వెంకటరమణస్వామి ఆలయాన్ని కూడా చూసి స్టేషనుకు వెళ్లండి.